కణుపు ఉంచి కోశావా

నానక్‌రామ్‌గూడ,
ఆదివారం.

ప్రియమైన సంయుక్తకు,

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. అక్కడ నువ్వు, అత్తయ్య, మామయ్య కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని మరీ నేర్పించారు. ఇన్నేళ్లకి ఆ చదువు అక్కరకొచ్చింది. నా చేతిరాత చూసి నవ్వొస్తే నవ్వుకో, నాకు కావలసిందీ అదే.

నీ ఉత్తరం మీ తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. ప్రొద్దుటూరు బస్సు దిగి, నిజాంపేటలో తన రూముకి కూడా పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చాడు అజయ్. "బావకే ఇయ్యమనింది, దావలో చదవాకు అనింది" అని నా చేతిలో పెట్టి, నేను చదువుకునేదాకా బాల్కనీలోకి పోయి నిలబడ్డాడు. నేను పెట్టిన టీ అంత బాగాలేకపోయినా పూర్తిగా తాగి వెళ్లాడు. ఈ ఉత్తరం కూడా అతనితోనే పంపుతున్నాను. ఫోన్ చేయొద్దన్నావు కాబట్టి చేయడం లేదు. చేసినా అత్తయ్యే ఎత్తి "పండుకోనుంది నాయనా" అంటారు. ఎన్నిసార్లు చేసినా పడుకునే ఉంటావని తెలిశాక నేనే మానేశాను.

భోజనం ఎలా చేస్తున్నావని అడిగావు. పొద్దున ఆఫీసు క్యాంటీన్, సాయంత్రం కర్రీ పాయింట్. అన్నం మాత్రం ఇంట్లోనే వండుకుంటున్నాను, ఇద్దరికి సరిపడా పడిపోతోంది, మర్నాడు పులిహోర చేసుకుంటున్నాను. ఆఫీసులో అందరూ మంచిగానే ఉన్నారు. మరీ మంచిగా ఉన్నారు, అదే ఇబ్బంది. ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక లిఫ్టు బటన్ల వంక చూస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల చోట నేనున్నా అంతే చేసేవాణ్ణి.

ఇవి కాక నీ ఉత్తరంలో అసలైన ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి మొక్క గురించి: "సీసాల్లో పెట్టానన్నావు, కణుపు ఉంచి కోశావా?" అని. రెండోది నీ సంతకం కింద, వేరే పెన్నుతో రాశావు. "ఆసుపత్రిలో బిడ్డను నువ్వు చూశావా? అమ్మాయో అబ్బాయో కూడా నాకెవరూ చెప్పలేదు. నాన్నని అడిగితే లేచి వెళ్లిపోతాడు. ఆ రోజు నువ్వు చూడలేదన్నావు. నిజంగా చూడలేదా రవీ? నిజం రాయి. రాయలేకపోతే నేను ఆ ఇంటికి వచ్చి ఎవరితో ఉండాలో నాకు తెలియడం లేదు."

దానికి జవాబు రాయాలనే కూర్చున్నాను. రాస్తాను. ముందు మొక్క సంగతి చెప్పనీ, అదీ తక్కువ తప్పేం కాదు.

లేదు, కణుపు ఉంచి కోయలేదు. కణుపు అనేది ఒకటుంటుందని, మొక్క ప్రాణమంతా అక్కడే ఉంటుందని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. పోయినసారి "మనీప్లాంటు కాస్త వాడింది, కొమ్మలు కోసి సీసాల్లో పెట్టాను, అన్నీ పచ్చగా ఉన్నాయి" అని రాశాను కదా. అందులో పచ్చగా ఉన్నాయన్న ఒక్క మాటే నిజం. అసలు మొక్క అప్పటికే పోయింది.

ఎలా పోయిందో చెబితే కోప్పడతావు. కోప్పడు. కుండీ ఉన్న మన బాల్కనీకి నేరుగా ఎండ రాదు కదా, ఎదురుగా ఆ అద్దాల టవరు లేచాకే మధ్యాహ్నం దాటితే ఎండ దానికి తగిలి తిరిగి మన మీద పడుతోంది. నువ్వు గ్రిల్లుకి నీ పాత వంకాయరంగు చీర క్లిప్పులు పెట్టి కట్టి ఉంచేదానివి. అది ఎండకి అడ్డమని నాకు తెలియదు. ఆరేసి తీయడం మర్చిపోయావనుకున్నాను. నువ్వు మీ ఊరెళ్లిన వారంలో, ఇల్లంతా ఖాళీగా ఉండి ఏదైనా ఒకటి సర్దాలనిపించి, ఆ చీర తీసి మడతపెట్టి నీ బీరువాలో పెట్టాను. కొంచెంసేపు ముఖానికి ఆనించుకుని మరీ పెట్టాను. ఆ మర్నాటి నుంచి ఆకులు మాడడం మొదలైంది.

మాడిన ఆకు చూసి దాహమనుకున్నాను. పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. ఇంకా మాడితే ఇంకా పోశాను. నా చేతనైన సేవ అదొక్కటే. కొన్నాళ్లకి మట్టి మురుగు వాసన కొట్టింది. తీగ పట్టుకుని చూస్తే వేళ్లతో సహా మెత్తగా ఊడి చేతిలోకి వచ్చేసింది. నువ్వు కొక్కేలు కొట్టి హాలు గోడ పొడుగునా పాకించి, చిన్న గది గుమ్మం దాకా తీసుకెళ్లిన తీగ అది. గోడ మీద ఉన్న భాగం ఇంకా పచ్చగానే ఉంది, దానికి కింద ఏం జరిగిందో తెలియదు. అప్పుడైనా సరిగ్గా కోసి ఉంటే బతికేదేమో. నేను ఒక్కొక్క ఆకునీ దాని తొడిమతో శుభ్రంగా కత్తిరించి, తీగంతా కుళ్లిందేమోనని భయపడి దాన్ని చెత్తబుట్టలో వేశాను. అంటే కణుపులన్నీ పారేసి ఆకులు దాచుకున్నాను.

ఫ్రిజ్ మీద, కిచెన్ గట్టు మీద, టీవీ పక్కన అన్నీ సీసాలే. ఊరగాయ సీసాలు, జ్యూసు సీసాలు. రోజూ నీళ్లు మార్చేవాణ్ణి. ఒక్క ఆకు కూడా వాడలేదు. కొన్నింటికి తెల్లటి వేళ్లు కూడా వచ్చాయి. అవి చూసిన రోజు ఎంత సంబరపడ్డానో నీకు చెప్పలేను, నువ్వు వచ్చేసరికి ఇల్లంతా తీగలు అల్లేస్తానని మనసులో ఒకటే లెక్కలు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "కణుపు లేకపోతే ఆకు నెలల తరబడి పచ్చగానే ఉంటుంది, వేరు కూడా వేయొచ్చు, చిగురు మాత్రం రాదు. ఎన్నాళ్లున్నా అదే ఆకు" అని రాశావు. చదివి ఒక్కొక్క సీసా ఎత్తి వెలుతురులో చూశాను. ఒక్కదానికీ కణుపు లేదు. పారేయడానికి చేతులు రాలేదు, పచ్చగా ఉన్నదాన్ని ఎలా పారేస్తాం. ఇప్పటికీ వాటికి నీళ్లు మారుస్తూనే ఉన్నాను.

సంయూ, నా ఉద్యోగమేమిటో నీకు తెలుసు. అర్ధాంతరంగా ఏ సిస్టమ్ పడిపోయినా కూర్చుని కారణం వెతికి దాన్ని మళ్లీ లేపడం. అందుకే కాబోలు, ఎంత వెతికినా కారణం దొరకని చోట నాకు ఏం చేయాలో తెలియదు. డాక్టరమ్మ కూడా "కొన్నిసార్లు ఇలా జరుగుతుందండీ" అంది. నువ్వు తిన్నదీ కాదు, నడిచిందీ కాదు, ఎవరి తప్పూ కాదు అంది. తప్పు ఉంటే బాగుండేదనిపించింది నాకు. ఆ తప్పునైనా పట్టుకుని ఉండేవాణ్ణి.

సరే, మొక్క సంగతి ఇంకా పూర్తి కాలేదు. మన మొక్క ముక్క ఇంకెక్కడైనా ఉందా అని ఆలోచిస్తే కింద పోచమ్మగారి వరండా గుర్తొచ్చింది. మన ఓనరమ్మ ఒకసారి నీళ్ల ట్యాంకరు వచ్చిందని చెప్పే వంకతో పైకి వచ్చి, మన తీగ తుంచి కొంగులో దాచుకుపోయిందని, నువ్వు చూసీ చూడనట్టు కిచెన్‌లోకి పోయావని నాకు చెప్పి నవ్వావు కదా. మనీప్లాంటు దొంగిలిస్తేనే కలిసొస్తుందన్న నమ్మకం మీ ఇద్దరికీ ఒకటే. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా. ఆఫీసు కెఫెటేరియాలో తుంచి టిఫిన్ బాక్సులో పెట్టుకుంటే, సెక్యూరిటీ అటు రాకుండా నన్ను కాపలా పెట్టావు. అప్పటికి మనకి సరిగ్గా పరిచయం కూడా లేదు. ఈ అమ్మాయితో ఉంటే ఏదో ఒక రోజు పట్టుబడతాననుకున్నాను, అయినా నిలబడ్డాను.

ఇంత తెలిసీ నేనేం చేశానంటే, సరాసరి కిందికి వెళ్లి, "మీ మనీప్లాంటు కొమ్మ ఒకటి ఇస్తారా" అని అడిగాను. పోచమ్మగారు చింతపండు గింజలు తీస్తున్నదల్లా చెయ్యి ఆపి నా ముఖం చూసింది.

"అడిగినవా? ఇగ అయిపాయె. అడిగినంక ఎట్లిస్త బిడ్డా? ఇచ్చినోళ్లకు పోతది, తీస్కున్నోళ్లకు పట్టది."

"అది మా సంయుక్త మొక్కదేనండీ. మాది పోయింది."

"నాకెరుకలేదా ఎవలదో. గంత పరేషాన్ ఎందుకు. రేపు రా. నోరు తెరిచి అడగకు. గంతే."

మర్నాడు కత్తెర జేబులో పెట్టుకుని వెళ్లాను. నన్ను చూడగానే ఆమె లేచి, "జర చాయ్ పెట్టుకొస్త" అని లోపలికి వెళ్లి, నాకు వినబడాలని గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ ఉంది. నేను తీగ పట్టుకుని నిలబడ్డాను. ప్రతి ఆకు మొదట్లో చిన్న బుడిపె ఉంది, దాని పక్కన గోధుమరంగు మొటిమ లాంటిది ఉంది. ఇదేనా కణుపంటే, దీని పైన కోయాలా కింద కోయాలా, మళ్లీ తప్పు చోట కోస్తే ఇదీ పోతుందా అని కత్తెర ఒకసారి పైన, ఒకసారి కింద ఆనించి చూశాను. నవ్వకు. లోపలి నుంచి "ఇంక గాలేదా? చాయ్ పొంగి స్టవ్ మీద పడ్డది" అని గొంతు వినిపించింది. కళ్లు మూసుకుని కణుపుకి కింద కోసేశాను.

ఆమె చాయ్ తెచ్చి ఇచ్చింది. నా చేతిలో ఉన్న తీగ వంక చూడనే లేదు. "మీ ఆమె ఎట్లున్నది?" అంది. బాగుందని చెప్పబోయి, ఎప్పుడు ఫోన్ చేసినా పడుకునే ఉంటోందన్నాను. పోచమ్మగారు చింతపండు ముందేసుకుని మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"నాక్కూడ ఒగటి పోయింది బిడ్డా, మా నడిపి కొడుకు పుట్టక ముంగట. మా అత్త సూడనియ్యలే. సూస్తె పానం కొట్టుకుంటదన్నది. నా మంచికే అన్నది. గిప్పటికి గూడ కలల అస్తది. ముఖం ఉండది దానికి. ముఖం లేని పోరిని ఎత్తుకొని తిరుగుత."

ఆ మాట విన్నాక నేను చాయ్ తాగానో లేదో గుర్తులేదు. పైకి వచ్చి కొమ్మని నీళ్లలో పెట్టాను. అది ఇప్పుడు సింకు పక్కన, ఎండ తగలని చోట ఉంది. నీ చీర కూడా బీరువాలోంచి తీసి మళ్లీ గ్రిల్లుకి కట్టాను. కణుపు దగ్గర మొటిమ కొంచెం ఉబ్బినట్టు నాకు అనిపిస్తోంది, ఒక్కోసారి నా భ్రమేమో అనిపిస్తోంది. నీళ్లు మార్చడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. నీకు పచ్చగా ఉందని మళ్లీ మభ్యపెట్టను. వేరు ఇంకా రాలేదు.

చిన్న గది గురించి నువ్వు అడగలేదు కానీ చెబుతాను. తలుపు మూసే ఉంది. ముందే ఏమీ కొనకూడదని, ఏదీ తెచ్చి పెట్టకూడదని అత్తయ్య, మా అమ్మ ఇద్దరూ అన్నారు కదా, మనమూ విన్నాం. ఒక గిలక్కాయ కూడా కొనలేదు. అందుకని ఆ గదిలో ఇప్పుడు సర్దేయడానికి ఏమీ లేదు. ఒక చొక్కా ఉన్నా, ఒక బొంత ఉన్నా దాన్ని మడతపెట్టి ఏడ్చేవాణ్ణి. ఖాళీ గదిలో నిలబడి ఎలా ఏడవాలో తెలియక తలుపు వేసేశాను.

ఇంక రాయడానికి వేరే కబురు లేదు. నేను వాయిదా వేస్తున్నానని నీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

చూశాను, సంయూ.

నీకు అబద్ధం చెప్పాను. నీకు మెలకువ వచ్చి నా చెయ్యి పట్టుకుని అడిగినప్పుడు, నేను చూడలేదు, అన్నీ మామయ్యే చూసుకున్నారు అన్నాను. నువ్వు నా ముఖం వంక చూసి చెయ్యి వదిలేశావు. నమ్మలేదని అప్పుడే తెలుసు. అయినా ఇన్నాళ్లూ ఆ అబద్ధం మీదే ఉన్నాను. దిక్కు తోచక ఉన్నాను తప్ప నిన్ను మోసం చేయాలని కాదు. చెబితే నువ్వు ఏమైపోతావోనని భయం. చెప్పకపోతే నిన్ను పోగొట్టుకుంటానని ఇప్పుడు తెలిసింది. ఏది చేసినా నీకు నొప్పి తప్పించడం నా చేతిలో లేదు.

నర్సు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి, "ఒకసారి చూస్తారా సార్" అంది. మీ నాన్న నా భుజం పట్టుకుని నన్ను గోడవైపు తిప్పేశారు. "చూడాకు నాయనా. చూస్తే బతికినన్నాళ్లూ కండ్లల్లోనే ఉంటాది" అన్నారు. నేను గోడ వైపే ఉన్నాను. శ్మశానానికి వెళ్లే కారులో మామయ్య వెనక సీట్లో కూర్చుని ఒళ్లో పెట్టుకున్నారు. నార్సింగి దాటాక ఆయనకి కళ్లు తిరిగి, కారు ఆపించి, ముఖం కడుక్కోవడానికి దిగుతూ నా చేతికిచ్చారు. "గుడ్డ తీయాకు" అన్నారు. డ్రైవరు కూడా నీళ్ల సీసా పట్టుకుని ఆయన వెంట దిగిపోయాడు. కారులో మేమిద్దరమే ఉన్నాం. నేను గుడ్డ తీశాను.

మామయ్య తిరిగి వచ్చి గుడ్డ చూశారు. నేను కప్పింది ఆయన కప్పినట్టు లేదు. మళ్లీ తన ఒళ్లోకి తీసుకున్నారు. అంతా అయిపోయి చేతులు కడుక్కునేటప్పుడు అన్నారు: "మా అమ్మాయికి మాత్రం చెప్పాకు. చూసినోడు ఒకడున్నాడని తెలిస్తే అడగతానే ఉంటాది. అడగతా ఉంటే యాన్నుంచి మర్చిపోతాది?" అని ఆ కుళాయి దగ్గరే కూలబడి ఏడ్చారు. నేను మాట ఇచ్చాను. ఆయన్ని ఏమీ అనకు. నీ మీద ప్రేమకొద్దీ చేసిన పనే అది. నేను మాట తప్పానని ఆయనకి నేనే చెప్పుకుంటాను.

అమ్మాయి.

తల నిండా జుట్టు ఉంది, నల్లగా, ఇంకా తడిగా, నుదుటికి అతుక్కుని. రంగు నాది. ముక్కు ఎవరిదో నాకు తెలియలేదు, మా అమ్మ చూస్తే చెప్పేదేమో. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి, నిద్రపోతున్నట్టే. నొప్పి పడినట్టు ముఖంలో ఎక్కడా లేదు, ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు, నేను అదే వెతుకుతూ చూశాను కాబట్టి రాస్తున్నాను. గోళ్లు పెరిగి ఉన్నాయి. పిడికిట్లో నా వేలు పెట్టాను, పెట్టకుండా ఉండలేకపోయాను.

తర్వాత పాదాలు చూశాను. కాలి రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు. పెళ్లిలో మెట్టెలు తొడిగేటప్పుడు నీ పాదం సన్నికల్లు మీద నేను పట్టుకుంటే, ఆ వేలు చూసి పెత్తనమంతా ఈమెదేనని మా వాళ్లంతా నవ్వితే నువ్వు తల వంచుకుని నా చెయ్యి గిల్లావు చూడు, ఆ పాదమే. నా అరచేతిలో సగానికి కూడా రాలేదు. అచ్చం ఆ పాదమే. చలి వేస్తుందేమోనని గుడ్డ కిందికి లాగి పాదాలు కప్పాను. అందుకే మామయ్య కప్పినట్టు లేదు.

నాకు తెలిసింది అంతే. అంతకంటే ఎక్కువసేపు చూడనివ్వలేదు. అత్తయ్యకు, మామయ్యకు నమస్కారాలు చెప్పు. మీ నాన్న భయపడినట్టే నువ్వు అడుగుతూనే ఉంటావు. అడుగు. అక్కడి నుంచి అడిగినా, ఇక్కడికి వచ్చి అడిగినా, రోజూ అడిగినా, మన పాప ఎలా ఉండేదో మళ్లీ మొదటి నుంచి చెబుతాను. ఈ లోకంలో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కదా.

ఇట్లు,
పాప వాళ్ల నాన్న,
రవికిరణ్.